తుంటి ఆపరేషన్ తర్వాత నర్వ్ బ్లాక్: కాలు చచ్చుబడుతుందా?

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. షుగర్ ఉంది. వచ్చే నెల తుంటి కీలు మార్పిడి ఆపరేషన్. వెన్నుకు మత్తుతో పాటు, నొప్పి తెలియకుండా గజ్జ దగ్గర నర్వ్ బ్లాక్ కూడా ఇస్తామంటున్నారు. నరం దెబ్బతిని కాలు చచ్చుబడుతుందని బంధువులు భయపెడుతున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిశ్చింతగా ఒప్పుకోండి. వెన్నుకు ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. నొప్పి బాధించేది ఆ తర్వాతే, ముఖ్యంగా మొదటి రాత్రి. ఆ రాత్రి గట్టెక్కించడానికే ఈ బ్లాక్. మత్తు డాక్టరు అల్ట్రాసౌండ్ తెరపై సూదిని చూస్తూ నరం చుట్టూ మందు ఎక్కిస్తారు. రోపివకైన్, బుపివకైన్ వంటి మందులు సాధారణంగా 12 నుంచి 24 గంటలు పనిచేస్తాయి. నరం శాశ్వతంగా దెబ్బతినడం చాలా అరుదు. అయితే షుగర్ వల్ల అమ్మగారికి ఇప్పటికే అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉంటే ముందే చెప్పి రాయించండి. లేకపోతే పాత తిమ్మిరి నింద కూడా ఇంజెక్షన్ మీదే పడుతుంది! రక్తం పలచబడే మందులు వాడుతుంటే అదీ చెప్పాలి. మీ అంతట మీరు మాత్రం ఆపవద్దు.

తుంటి కీలుకు ఫీమోరల్, ఆబ్ట్యురేటర్, సయాటిక్ వంటి పలు నరాల శాఖలు వెళ్తాయి. అందుకే ఒక్క బ్లాక్‌తో నొప్పి పూర్తిగా పోదు, మాత్రలూ కావాలి. మార్ఫిన్ జాతి మందుల అవసరం తగ్గితే అదే పెద్ద మేలు. పెద్దవయసులో వాటితో వాంతులు, మలబద్ధకం, మతి తికమక ఎక్కువ.

నన్నడిగితే, చచ్చుబడటం కన్నా పడిపోవడానికి భయపడాలి. ఫీమోరల్ నరానికి బ్లాక్ ఇస్తే తొడ కండరం పట్టు సడలుతుంది, నిలబడగానే మోకాలు మడతపడవచ్చు. 2018లో వెలుగులోకి వచ్చిన ‘పెంగ్’ బ్లాక్‌లో కీలు ముందువైపు చిన్న శాఖలకే మందు చేరేలా చూస్తారు కాబట్టి తొడ బలం చాలావరకు నిలుస్తుంది. మీకు ఇచ్చేది ఏదో అడగండి. ఏదైనా సరే, ఆ రాత్రి అమ్మగారిని ఒంటరిగా మంచం దిగనివ్వకండి. నిద్రపోతున్న కూతురిని లేపడం ఎందుకని తల్లులు చప్పుడు చేయకుండా బాత్రూమ్‌కు బయలుదేరుతారు.

బ్లాక్ దిగగానే నొప్పి ఒక్కసారిగా పైకొస్తుంది. ‘ఇప్పుడు నొప్పి లేదుగా’ అని మాత్ర మానేయకుండా, రాసిచ్చిన వేళకే వేయండి. రెండో రోజు కూడా కాలు మొద్దుబారి ఉన్నా, పాదం పైకి లేవకపోయినా వెంటనే డాక్టరుకు చెప్పండి.