ముందు ఆటో మాట్లాడండి, కుక్క తిండి సంగతి తర్వాత

మీరు అడిగింది ఇదీ: గడప దాటలేని మేనత్త, నెలనెలా వచ్చే పెన్షనే ఆధారం, తోడుగా ఒక కుక్క. పోషించలేకపోతోంది కాబట్టి ఎవరికైనా ఇచ్చేయమని చుట్టాలంతా అంటున్నారు, ఆవిడ ససేమిరా అంటోంది. కుక్క ఖర్చుకి నెలకి ఎంత పంపితే సరిపోతుంది?

కుక్క తిండికైతే ఏమీ పంపకండి. మా కోనసీమలో ఏ ఇంట్లోనైనా కుక్కకి ఇంత అన్నం మిగులుతుంది. కొరతల్లా బయటికి వెళ్ళొచ్చే మనిషికే.

మాది అంబాజీపేట పక్కన ఊరు. మా వీధి చివర ఒక మామ్మగారు ఉన్నారు. తుంటి ఎముక విరిగినప్పటి నుంచీ వాకర్ లేనిదే అడుగు వెయ్యలేరు. పిల్లలు హైదరాబాదులో. ఇంట్లో ఆవిడా, జిమ్మీ. జిమ్మీ జాతి కుక్కేం కాదు, మా కాలవగట్టు మీద పుట్టిన ఊరకుక్క. ఒకటో తారీఖున సచివాలయం అమ్మాయి వచ్చి 4000 చేతిలో పెట్టి వెళ్తుంది. అందులోనే పాలు, కరెంటు, బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, జిమ్మీకి గుడ్లు. ఆ మధ్య ఆవిడకి కళ్ళు తిరిగాయంటే మా ఆవిడ వెళ్ళి చూసింది. బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట. జిమ్మీ గుడ్డు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. అదేంటండీ మామ్మగారూ అంటే, “నాకైతే నేను చెప్పుకోగలనే అమ్మాయ్, దానికేం చెప్పను?” అన్నారు.

ఆ బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. ఆవిడ మెడికల్ షాపు కుర్రాడి చేత తెప్పించుకుని డబ్బులు పోస్తున్నారు, ఎందుకంటే షాపు కుర్రాడు ఇంటికొస్తాడు, ఆరోగ్య కేంద్రం రాదు. ఆ మాత్రలు మేం తెచ్చివ్వడం మొదలుపెట్టాక జిమ్మీ గుడ్లకి లోటు రాలేదు. అందుకే చెబుతున్నా, కుక్క ఖర్చు లెక్క వెయ్యకండి, మేనత్తగారి మందుల చీటీ తీసి చూడండి.

ఇక పిల్లల సాయం గురించి చెప్పాలి. అమ్మ మాత్రలు మానేసిందని తెలిసి పెద్దబ్బాయి ఏం చేశాడనుకున్నారు? ఆన్‌లైన్లో కుక్క మేత బస్తా పంపాడు. కొరియర్ వాడు గేటు లోపల పడేసి పోయాడు. వాకర్ పట్టుకున్న మనిషి బస్తా ఎలా లేపుతుందండీ? జిమ్మీ ఒకసారి వాసన చూసి వెళ్ళి అరుగు కింద పడుకుంది. మిగతాది ఎలుకలు తిన్నాయి. ఆ అబ్బాయి ఇప్పటికీ “మేం కుక్కకి కూడా పంపుతున్నాం కదా” అంటాడు.

అసలు కథ ఇంజెక్షన్ దగ్గర. జూలై 6న, సెప్టెంబర్ 28న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబీస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక పిల్లాడికి తొలిసారి ఈ టీకా వేసింది జూలై 6నే. సరే, టీకా ఉచితం, కుక్కని తీసుకెళ్ళేదెవరు? ఏ ఆటోవాడిని అడిగినా “సీటు పాడవుద్దండి” అంటాడు. చివరికి కొబ్బరి డొక్క తోలే ట్రాలీ ఆటో అబ్బాయి ఒప్పుకున్నాడు, అదీ సందేహిస్తూనే. “నన్ను కరిస్తే నాకు ఇంజెక్షన్ ఎవరు వేయిస్తారండీ?” మామ్మగారు పాత చీర పీలికతో జిమ్మీ మూతి తనే కట్టి, చెవిలో ఏదో చెప్పి పంపారు. డొక్క మధ్యలో అది రాణిలా కూర్చుంది. ఆసుపత్రిలో కార్లలో దిగిన లాబ్రడార్లు గోల గోల చేస్తుంటే ఇది మాత్రం నోరెత్తలేదు. డాక్టరుగారు నట్టల మందు కూడా ఇచ్చి, చెవుల్లో పిడుదులు చూపించి నన్ను నాలుగు చీవాట్లు పెట్టారు, అదేదో నా కుక్క అయినట్టు. ఆటోకి 300, ఇంజెక్షన్‌కి సున్నా. తిరిగొచ్చేసరికి మామ్మగారు ఎండలో గేటు పట్టుకుని నిలబడే ఉన్నారు.

పశువుల అంబులెన్స్ ఉంది కదా అంటారేమో. 1962కి ఫోన్ చేస్తే బండి వస్తుంది, కాకపోతే అది ముఖ్యంగా పాడి పశువుల కోసం పెట్టింది. కుక్కకీ అడిగి చూడండి, అడిగితే పోయేదేముంది? గేదె గుమ్మంలోకి వైద్యం రావాలని ఆలోచించిన ప్రభుత్వానికి, ముసలావిడ గుమ్మంలో కుక్క కూడా ఉంటుందని ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు. అమెరికాలో మీల్స్ ఆన్ వీల్స్ అని, ముసలివాళ్ళ ఇళ్ళకి భోజనం పట్టుకెళ్తారు. చాలా చోట్ల ఆ క్యారేజీతో పాటే కుక్కకీ పిల్లికీ తిండి తెస్తారు. వీళ్ళు తమ కంచంలోది తీసి వాటికి పెట్టేస్తున్నారని గమనించాక మొదలైన పని అది. మా మామ్మగారి మాత్రల కథే, ఊరు వేరు.

“కుక్కని ఇచ్చేయండి” అనే చుట్టాలకి ఒకటి చెప్పండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, గోదావరి మధ్య లంక ఊళ్ళల్లో పడవ ఎక్కమంటే ఆవునీ కుక్కనీ వదిలి రామని భీష్మించుకున్న పెద్దవాళ్ళని నేను కళ్ళారా చూశాను. పీకల మీదికి నీళ్ళొస్తేనే వదలనివాళ్ళు మీరు ఫోన్లో చెబితే వదులుతారా?

తిండి గురించీ రెండు ముక్కలు. రైసుమిల్లు నూకలు చాలు. చికెన్ షాపువాడితో ముందే మాట్లాడి పెడితే ఆదివారం కందనకాయలు, ముక్కలు తక్కువకి ఇస్తాడు. ఉప్పూ కారం వెయ్యకుండా నూకల్లో ఉడికిస్తే సరి. ఉల్లిపాయ కుక్కలకి పడదు, ఉడికిన ఎముకలు విరిగి గొంతులో గుచ్చుకుంటాయి, ఆ రెండూ వద్దు. మీరు పంపదలచిన డబ్బు మాత్రం ఆ వీధిలోనే నమ్మకమైన మనిషికి ఇవ్వండి, నెలకోసారి మాత్రలు తేవడానికి, ఏడాదికోసారి ఆటోకి.

మేనత్తగారిది ఏ ఊరో రాయలేదు మీరు. అంబాజీపేట, అమలాపురం, పి.గన్నవరం వైపైతే చెప్పండి, మా ట్రాలీ అబ్బాయిని అడుగుతాను. జిమ్మీ పుణ్యమా అని వాడికి కుక్కలంటే భయం పోయింది, రేటు మాత్రం పెంచాడు.