బదిలీ ముందుంది కదా మాస్టారూ, కారుకు తొందరెందుకు?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. శ్రీకాకుళంలో అద్దె ఇంట్లో ఉంటూ నరసన్నపేట దగ్గరి ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఈ స్కూల్లో ఇది ఏడో ఏడాది. రోజూ రానూపోనూ 50 కిలోమీటర్లు బైక్ మీదే తిరుగుతాను. అప్పుడప్పుడు పలాసలోని అత్తవారింటికి కూడా వెళ్తుంటాం. నడుం నొప్పి వల్ల కారు కొందామనుకుంటున్నాను. జీతం చేతికి 78 వేలు వస్తుంది, ఖర్చులన్నీ పోను 20 వేలు మిగులుతుంది. సేవింగ్స్‌లో రెండున్నర లక్షలున్నాయి. ఇంటర్ సెకండియర్ చదువుతున్న పాప ఇంజినీరింగ్ కోసం 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. చిన్న పెట్రోల్ కారు ఆన్‌రోడ్ 8 లక్షలు, ఎలక్ట్రిక్ పదకొండున్నర లక్షలు చెప్పారు. మిగిలే పెట్రోల్ డబ్బుతోనే ఈఎంఐ కట్టేయొచ్చని షోరూమ్ వాళ్లంటున్నారు. మా బావమరిది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ తీసుకోమంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: మాస్టారూ, ముందు మీ బావమరిది మాట తేల్చేద్దాం. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే ఇంట్లో చార్జింగ్ పెట్టుకుని కొంత దూరం కరెంటుతో, ఆ తర్వాత పెట్రోల్‌తో నడిచే బండి. అలాంటివి మన దేశంలో ఖరీదైన లగ్జరీ కార్లలోనే కనిపిస్తాయి, మీ బడ్జెట్లో దొరకవు. ఆయన మనసులో ఉన్నవి బహుశా గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు అయ్యుండాలి. వాటికి ప్లగ్ ఉండదు, బ్యాటరీ నడుస్తుండగానే నిండుతుంది. ఆన్‌రోడ్ 15 లక్షలు దాటతాయి. పైగా వాటి మైలేజీ గొప్ప తెలిసేది ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో. మీరు వెళ్లేది 16వ నంబరు జాతీయ రహదారి మీద, ఒకే వేగంతో. ఆ సంగతి అక్కడితో వదిలేయండి.

ఇక షోరూమ్ లెక్క. నెలకు 1,200 కిలోమీటర్లు అనుకుందాం. లీటరు 110 రూపాయలు, మైలేజీ 18 చొప్పున పెట్రోల్ కారుకు నెలకు 7,300 అవుతుంది. ఎలక్ట్రిక్‌కు 170 యూనిట్ల దాకా కావాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. యూనిట్ సగటున ఐదో ఆరో రూపాయలని లెక్కేసుకుంటారు, కానీ కారు యూనిట్లు వచ్చి చేరేది బిల్లులో పై స్లాబ్‌లో. మన రాష్ట్రంలో ఇళ్లకు 225 యూనిట్ల వరకు చివరి స్లాబ్ 6 రూపాయలు, అది దాటాక 400 వరకు 8.75, ఆపైన 9.75. మీ ఇంట్లో ఇప్పుడు 200 యూనిట్లు కాలుతుంటే, కారు వల్ల పెరిగేది సర్దుబాటు చార్జీలతో కలిపి 1,600 దాకా ఉంటుంది. ఏసీ వాడే నెలల్లో ఇంకాస్త ఎక్కువే. అయినా పెట్రోల్ కారుతో పోలిస్తే నెలకు 5,700 తేడా. ఇది చిన్నదేం కాదు.

కానీ మాస్టారూ, ఆ 5,700 మీ జేబులో మిగలదు. ఎందుకంటే మీరిప్పుడు కారులో పెట్రోల్ పోయడం లేదు. మీ బైక్ లీటరుకు 50 ఇస్తుందనుకున్నా నెలకు 2,600 అవుతోంది. కరెంటు కారుకు మారితే నిజంగా తగ్గేది వెయ్యి రూపాయలే. దాంతో ఈఎంఐ ఎలా కడతారు?

రెండున్నర లక్షలు ముందు కట్టి, మిగతాది 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ తీసుకున్నారనుకుందాం. ఎలక్ట్రిక్‌కు 9 లక్షల మీద ఈఎంఐ 18,700, కరెంటు 1,600, మొత్తం 20,300. పెట్రోల్ కారుకు ఐదున్నర లక్షల మీద ఈఎంఐ 11,400, పెట్రోల్ 7,300, మొత్తం 18,700. అంటే లోన్ తీరేదాకా ఎలక్ట్రిక్కే నెలకు 1,600 ఎక్కువ. లోన్ తీరిన ఏడాదిన్నరకు ఆ తేడా పూడుతుంది, ఆ తర్వాత నుంచి లాభమే. సర్వీసింగ్ ఖర్చు తక్కువ కాబట్టి ఇంకొంచెం ముందే పూడొచ్చు. బ్యాటరీ వారంటీ సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, కాబట్టి ఆ భయం అంతగా అక్కర్లేదు.

అసలు చిక్కు ఏమిటంటే, ఈ లెక్కంతా ఆరున్నరేళ్లు ఇదే దూరం తిరిగితేనే నిలబడుతుంది. 2025 బదిలీల చట్టం ప్రకారం టీచర్లు ఒకే స్కూల్లో ఉండగలిగేది గరిష్ఠంగా 8 విద్యా సంవత్సరాలు. మీరు ఏడులో ఉన్నారు. రేపు ఏ ఆమదాలవలసకో వస్తే మీ తిరుగుడు సగానికి పడిపోతుంది, ఎలక్ట్రిక్‌కు ఎక్కువ పెట్టిన మూడున్నర లక్షలు, దాని మీద కట్టే వడ్డీతో కలిపి చూస్తే, రిటైరయ్యేలోపు కూడా పూర్తిగా రావు. ఇచ్ఛాపురం వైపు వేస్తే ఇల్లే మారాలి. పైగా వచ్చే ఏడాది పాప అడ్మిషన్. ఇన్సూరెన్స్ కూడా కలిపితే మీకు మిగిలే 20 వేలూ కారుకే సరిపోతాయి. అప్పుడు చేయి పడేది ఎఫ్‌డీ మీదే. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

అందుకే నా మాట, బదిలీ తేలేదాకా ఆగండి. ఈలోగా బ్యాంకులో నెలకు 15 వేలతో ఏడాది ఆర్‌డీ మొదలుపెట్టండి. టెన్షన్ లేకుండా కట్టగలిగితే ఈఎంఐ కూడా కట్టగలరు, కట్టలేకపోతే ఆ సంగతి లోన్ తీసుకోకముందే తెలుస్తుంది. ఏడాదికి 1,80,000, పైన వడ్డీ. అంత మేర లోన్ తగ్గుతుంది. నడుం నొప్పి ఆగలేనంతగా ఉంటే అప్పటిదాకా రెండు మూడు లక్షల్లో మంచి సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు చూసుకోవడం తప్పేం కాదు, మెకానిక్‌కు చూపించాకే.

కొత్త చోట కూడా నెలకు వెయ్యి కిలోమీటర్లు దాటితే ఎలక్ట్రిక్ తీసుకోండి. పలాస అత్తవారింటికి రానూపోనూ 150 దాటుతుంది. ఒక్క చార్జింగ్‌తో ఇంత దూరం వెళ్తుందని కంపెనీ చెప్పే రేంజ్‌లో మూడో వంతు తీసేసి చూసుకోండి, అప్పటికీ సరిపోయే బ్యాటరీ ఉన్నదే కొనండి. షోరూమ్‌లో ఎవరైనా ఎలక్ట్రిక్ కారు లోన్ వడ్డీ మీద 80ఈఈబీ కింద ఆదాయపు పన్ను మినహాయింపు ఉందంటే నమ్మకండి, అది 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకే. ఇంకో మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, ఎలక్ట్రిక్‌కు 5 శాతమే ఉండిపోయింది. అంతకుముందు చేసిన వీడియోల్లో ధరల పోలికలు ఇప్పుడు పనికిరావు.

అడ్వాన్స్ ఇచ్చేముందు మాత్రం ఇంటి ఓనర్‌తో మాట్లాడండి. మీ మీటర్ నుంచే విడిగా వైరు, 15 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ కావాలి. రెండు వాటాలకు ఒకే మీటరైతే స్లాబ్ పెరిగి పక్కవాటా వాళ్లతో గొడవే. మంజూరైన లోడ్ చాలకపోతే మన విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్‌లో పెంచుకోవాలి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక రాగానే ఫుల్ చార్జ్ పెట్టేయండి. 2018 తిత్లీ అప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్లు లేదో మీ అత్తవారికి ఒకరు చెప్పక్కర్లేదు కదా. మీ ఇల్లు నాగావళి ఒడ్డున పల్లంలో ఉంటే, ఇన్సూరెన్స్‌లో బ్యాటరీలోకి నీళ్లు చేరినా వర్తించే అదనపు కవర్ ఉందేమో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.