ఘాటు తెలుస్తోంది, వాసన తెలియడం లేదు

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 54 ఏళ్ళు. మాది కవిటి మండలంలో ఒక పల్లె. పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను. సంక్రాంతి వెళ్ళాక జలుబు, జ్వరం వచ్చి వారంలో తగ్గాయి. వాసన, రుచి మాత్రం పోయాయి. ఐదు నెలలైంది. బెల్లం ఆవకాయ కలుపుతుంటే ఆవపిండి ఘాటుకి కళ్ళంట నీళ్ళొచ్చాయి గానీ వాసన లేదు. ఈ నెల నుంచి ఉల్లిపాయ వేగితే కుళ్ళు కంపు, కాఫీ అయితే కాలిన రబ్బరు వాసన. చోడి అంబలితో రోజు గడుస్తోంది. ఘాటు తెలిసినదానికి వాసన తెలియదా, అంతా నీ భ్రమ అంటున్నారు ఇంట్లో. మెడికల్ షాపులో స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. నాకు షుగరుంది. వేసుకోనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: భ్రమ కాదమ్మా. ఈ జవాబు ముందు మీ ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించండి.

ఘాటు వేరు, వాసన వేరు. ఆవ ఘాటు, కర్పూరం చల్లదనం మనకి తెలిసేది ముఖానికి స్పర్శ, నొప్పి తెలిపే ట్రైజెమినల్ నరం వల్ల. మీకది బాగానే ఉంది. వాసన పట్టే నరం వేరు. దాని కొసలు ముక్కు లోపల పైకప్పు దగ్గర, తపాలా బిళ్ళంత చోటులో ఉంటాయి. వైరస్ దెబ్బ అక్కడ తగిలింది. కోవిడే కానక్కర్లేదు, మామూలు జలుబు వైరస్‌లూ ఇలా చేస్తాయి.

మీ నాలుక చెడిపోయిందనీ నేననుకోను. ఆవకాయ ముక్క నోట్లో పెట్టుకుని చూడండి. తీపి, ఉప్పు, పులుపు, కారం విడివిడిగా తెలుస్తాయి. తెలియనిది నువ్వుల నూనె, మెంతి, ఆవ కలిసిన ఆ కమ్మదనం. అది నములుతున్నప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన. దాన్నే మనం రుచి అంటాం.

ఇక ఆ కుళ్ళు కంపు. దీన్ని పరోస్మియా అంటారు. ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, వేయించిన మాంసం దగ్గరే ఎక్కువమందికి వస్తుంది. దెబ్బతిన్న నరాలు మళ్ళీ మొలిచేటప్పుడు కబురు తప్పుగా అందుతుంది. భరించడం కష్టమే, కానీ నరం కదులుతోందనడానికి అది చాలాసార్లు గుర్తు. తాలింపు దగ్గర నిలబడకండి. వేడి తగ్గాక తినండి. పెరుగన్నం, అరటిపండు, కుడుములు లాంటివి సయిస్తాయేమో చూడండి. అంబలి ఒక్కటే అయితే నీరసపడిపోతారు.

నాకూ 2021 మేలో కోవిడ్‌తో వాసన పోయింది. అమ్మ నా పక్కనే కూర్చుని మల్లెలు కడుతుంటే, దోసిట్లో పోసుకుని పీల్చినా ఏమీ తెలియలేదు. ఆ రోజు ఏడ్చాను. అందుకే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నేను చేసిందే మీకూ చెబుతున్నాను. జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి ఇది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, నాలుగూ నాలుగు సీసాల్లో పెట్టుకోండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఒక్కో సీసా ఇరవై సెకన్లు మెల్లగా వాసన చూడండి. చూస్తూ, ఆ వాసన ఇదివరకు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. వాళ్ళు 12 వారాలు చేయించారు. మీరు ఆరు నెలలు చేయండి. అందరికీ పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను గానీ, మానేయకండి. తైలం ముక్కులో మాత్రం వేసుకోకండి.

ఆ మాత్రలు వద్దు. ఇన్ని నెలల తర్వాత వాటితో మేలు జరుగుతుందన్న నమ్మకం లేదు, షుగరు మాత్రం పెరుగుతుంది. ఒక్కసారి ఈఎన్‌టీ డాక్టరు చేత ఎండోస్కోపీతో ముక్కు లోపల చూపించుకోండి. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళినా సరే. ఒక్క వైపే వాసన తెలియకపోయినా, రక్తం పడినా ఆలస్యం చేయొద్దు.

నాకు ఎక్కువ టెన్షన్ మీ వంటగది గురించే. గ్యాస్ లీకైతే తెలియాలనే అందులో కంపు కలుపుతారు. ఆ కంపు ఇప్పుడు మీకు తెలియదు. రాత్రి రెగ్యులేటర్ కట్టేసి పడుకోండి. లీకు అనుమానమొస్తే ఫోను చేయాల్సిన నంబరు 1906 అని గోడ మీద రాసి పెట్టండి. ఫోను బయటికెళ్ళి చేయండి. నిన్నటి కూర బాగుందో లేదో ఇంకొకరిని అడిగి తినండి.

మీది ఉద్దానం, అక్కడి కిడ్నీ జబ్బుల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. రుచి తెలియడం లేదని కూరలో ఉప్పు పెంచుకుంటూ పోకండి. పచ్చడికి కూడా చేతి అంచనా ఈ ఏడాదికి పక్కన పెట్టి ఉప్పు, కారం, ఆవపిండి తూకం వేసి కలపండి. రుచి చూడడానికి భ్రమ అన్నవాళ్ళనే పిలవండి.