మెడ బలిసిందని మురిసిపోకు

ఒరేయ్ నానీ,

కళింగపట్నం బీచ్‌లో పిల్లల్ని ఎక్కించడానికి పోనీ, అదే పొట్టి జాతి గుర్రం, కొంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో మళ్లీ ఒకడు గుర్రం పగ్గం పడుతున్నాడని ఎంత సంబరపడ్డానో, రాత్రంతా అంత టెన్షనూ పడ్డాను. నీడ, నీళ్లు, నాడాల సంగతి ఎవరైనా చెబుతారు. నా భయమంతా మేత గురించే.

విజయనగరంలో మీ తాత జట్కా తోలే రోజుల్లో మా పక్కింటాయన పెళ్లి ఊరేగింపులకని తెల్ల గుర్రాన్ని పెంచేవాడు. ఆషాఢంలో ముహూర్తాలు లేవు, దానికి పనీ లేదు, మేత మాత్రం తగ్గలేదు: ఉలవ గుగ్గిళ్లు, తవుడు, పైన బెల్లం. జూలు కింద కొవ్వు గట్టిగా దిమ్మకడితే ఎంత పుష్టిగా ఉందోనని వీధంతా మెచ్చుకున్నారు. ఒక పొద్దున్న ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడిపోయింది. వాతమనుకుని ఆయన దాన్ని నడిపించాడు. అడుగు పడినప్పుడల్లా ఒళ్లంతా వణికేదిరా. చివరికి పడుకున్నది మళ్లీ లేవలేదు.

అది లామినైటిస్. తీపి, పిండి ఎక్కువ తింటే కొన్ని గుర్రాల రక్తంలో ఇన్సులిన్ విపరీతంగా పెరిగి, గిట్టలో ఎముకను పట్టి ఉంచే పొర సడలిపోతుంది. మనుషుల షుగర్‌లా కాదు, గ్లూకోజ్ మామూలుగానే ఉండొచ్చు. 2007లో ఆస్ట్రేలియాలో ఆరోగ్యంగా ఉన్న పోనీలకు ఇన్సులిన్ ఎక్కిస్తే మూడు రోజుల్లోపే కాళ్లు పట్టేశాయి. పోనీలకే ఈ ముప్పు ఎక్కువ.

కొనేముందు మెడ తడిమి చూడు. గిట్టల మీద గీతలు మడమ వైపు వెడల్పుగా ఉంటే పాత జబ్బేమోనని అనుమానించు. ఇన్సులిన్ పరీక్ష గురించి గరివిడి వెటర్నరీ కాలేజీలో అడుగు. ఎండుగడ్డి కళ్లతో కాదు, కాటాతో తూచి వెయ్యి. ఒళ్లు తగ్గాల్సిన 200 కిలోల పోనీకి రోజుకు 3 కిలోలు. అంతేగానీ పస్తు పెట్టావంటే ఊరుకోను, కొవ్వు రక్తంలో చేరి ప్రాణం మీదికొస్తుంది. గిట్టలు వేడెక్కి, వాటి పైన నాడి దడదడా కొట్టుకుంటే ఒక్క అడుగు కూడా వేయించకు, కాళ్ల కింద మెత్తగా ఇసుక పోసి డాక్టర్ని పిలువు.

బీచ్‌కి వచ్చినవాళ్లు ముచ్చటపడి బిస్కెట్లు, చెరకు ముక్కలు పెడతారు. మొహమాటపడకుండా వద్దని చెప్పు. చిన్నప్పటి నుంచీ నీకు కాదనడం రాదు, నా బెంగంతా అక్కడే.

బేరానికి వెళ్లే రోజు నన్నూ తీసుకెళ్లు. మోకాళ్ల నొప్పులని మీ అమ్మ అడ్డుపడుతుంది, వినకు.

మీ పెద్ద మావయ్య