లాప్‌టాప్ ముందు నిలబడి ఇద్దరూ ఏం చేస్తున్నట్టు?

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఒక ఎలక్ట్రానిక్ మ్యూజిక్ జంట ప్రోగ్రాంకి టికెట్లు తీసుకుని నన్నూ రమ్మంటున్నాడు. వీడియోల్లో చూస్తే ఇద్దరు మనుషులు టేబుల్ వెనక నిలబడి తలలూపుతున్నారు, అంతే. పాట ముందే తయారై ఉంటే వాళ్లక్కడ చేసేదేంటి?
– ఒక పాఠకుడు

జవాబు: మీ అనుమానంలో తప్పేం లేదండీ. తలలూపి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. నేను ప్రోగ్రాముల్లో సౌండ్ మిక్సర్ దగ్గర పనిచేసే రోజుల్లో ఒకాయన కళ్లు మూసుకుని తన్మయంగా ఒక నాబ్ తిప్పుతుండేవాడు. ఆ పెట్టెకి వైరే పెట్టలేదని హాల్లో నాకొక్కదానికే తెలుసు.

కానీ ఇంకో రాత్రి సంగతీ చెప్పాలి. సంగీతమంటే చెవి కోసుకునే ఊరు. ఆ రోజు నేనూ టికెట్ కొనుక్కుని వెళ్లాను. ఎడమవైపు మనిషిది డ్రమ్స్, బేస్ (లోతైన మంద్ర స్వరాలు). కుడివైపు మనిషిది మిగతాదంతా. సగం ప్రోగ్రాం అయ్యేసరికి కుడివైపు లాప్‌టాప్ హ్యాంగ్ అయింది. కుళాయి కట్టేసినట్టు సగం పాట మాయం. ఆయన పక్కవాడి వైపు ఒక్కసారి చూశాడు. ఎడమవైపాయన తల కూడా ఎత్తలేదు. డ్రమ్స్ అన్నీ తీసేసి ధన్ ధన్‌మనే పెద్ద డ్రమ్ దెబ్బ, అదే కిక్, ఒక్కటి మాత్రం ఉంచాడు. దాని మీద బేస్ వాయించే సింథసైజర్ ఫిల్టర్‌ని, అంటే శబ్దాన్ని మూసిపెట్టే మూతలాంటిదాన్ని, ఎంత నెమ్మదిగా తెరిచాడంటే, నాలుగు నిమిషాలు ఒక్కరూ మాట్లాడలేదు. అవతల లాప్‌టాప్ మళ్లీ ఆన్ అయి నీలం వెలుగు ఆయన ముఖం మీద పడింది. నాలుగు వేళ్లెత్తి ఒక్కొక్కటే మడిచాడు. ఆఖరి వేలు ముడిచిన దెబ్బకి ఇద్దరూ కలిసి అందుకున్నారు. హాలు దద్దరిల్లింది. ‘ఇది ఆల్బమ్‌లో లేదే!’ అన్నాడు నా పక్కనున్న కుర్రాడు. పాపం, అది ప్లాన్ ప్రకారం జరిగిందనుకున్నాడు.

అసలు సంగతేంటంటే, పాటని ముక్కలుగా విడగొట్టి తెచ్చుకుంటారు. 1983లో మిడి అనే పద్ధతి వచ్చాక వేర్వేరు కంపెనీల మెషీన్లు కూడా ఒకే తాళానికి నడుస్తున్నాయి. కాబట్టి వేగం తప్పుతుందన్న టెన్షన్ లేదు. ఏ ముక్క ఎప్పుడు రావాలి, ఎంతసేపు ఊరించాలి, ఏది ఆపేయాలి అన్నదే వాళ్ల చేతుల్లో ఉంటుంది. డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ ద్వయం 2006, 2007 ప్రదర్శనల్లో పిరమిడ్ ఆకారపు స్టేజీలో హెల్మెట్లు పెట్టుకుని వాయించారు. చేతులు కనిపించవు. కానీ తమ పాటల్లో ఒకదాని బీట్ మీద ఇంకోదాని గొంతు ఎలా ఎక్కించారో పారిస్‌లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్ వింటే తెలుస్తుంది.

అందుకే మీరు ముఖాలు చూడకండి, చేతులు చూడండి. ఆర్బిటల్ పేరుతో వాయించే హార్ట్‌నాల్ అన్నదమ్ములు చీకట్లో నాబ్‌లు కనబడాలని కళ్లజోళ్లకి టార్చిలైట్లు తగిలించుకున్నారు. తర్వాత అదే వాళ్ల గుర్తయిపోయింది. ఆటెకర్ ద్వయం సరిగ్గా ఉల్టా: లైట్లన్నీ ఆర్పేసి వాయిస్తారు, చూడ్డానికి ఏమీ ఉండదు. మీలాంటివాళ్లకి నేనైతే అదే మంచిదంటాను.

ప్రశ్న: అలాంటి ప్రోగ్రాంలో ఎక్కడ నిలబడాలి? చెవులకేమైనా అవుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మిక్సర్ బల్ల దగ్గర నిలబడండి. సౌండ్ ఇంజినీర్ తన చెవికి బాగున్నట్టే కదా సర్దేది! అక్కడా బేస్ మరీ గుయ్యిమంటుంటే నాలుగడుగులు పక్కకి జరగండి. 50 హెర్ట్జ్ బేస్ శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. గోడలకి తగిలి వెనక్కొచ్చి ఒకచోట రెట్టింపవుతుంది, ఇంకోచోట చెల్లిపోతుంది.

చెవుల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇలాంటి వేదికల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. దూది పనికిరాదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చండి. అది ఉబ్బేదాకా వేలు తియ్యకండి. మర్నాటికీ చెవిలో కూత తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.