లక్ష్యాలు ఆరు, దొరికే గంట ఒక్కటి

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. ఒక కార్యాలయంలో లెక్కల విభాగంలో పదేళ్లుగా పని చేస్తున్నాను. పదోన్నతి రావాలంటే శాఖాపరమైన పరీక్ష ఒకటి పాసవ్వాలి. ప్రతి ఏడాదీ మొదట్లో నోటుపుస్తకంలో లక్ష్యాలు రాసుకుంటాను. ఈసారి రాసుకున్నవి: పరీక్ష పాసవ్వాలి, ఆరోగ్యం బాగుచేసుకోవాలి, పాపకు ఎక్కువ సమయం ఇవ్వాలి, పుస్తకాలు చదవాలి, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, పొదుపు చేయాలి. రెండు నెలలు తిరిగేసరికి అన్నీ మూలపడతాయి. నాలో పట్టుదల లేదంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: పదేళ్లుగా ఉద్యోగాన్నీ ఇంటినీ నెట్టుకొస్తున్న మీకు పట్టుదల లేదంటే నేను ఒప్పుకోను. మీ జాబితాను మాత్రం మరోసారి చూడండి. ఆరు వాక్యాలూ ‘ఆలి’తోనే ముగిశాయి. ఒక్కదాని పక్కనా ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అన్న మాట లేదు. అవి మనస్ఫూర్తిగా కోరుకున్నవే, కానీ ఇంకా లక్ష్యాలు కాలేదు.

‘చేతనైనంత బాగా చెయ్యి’ అని చెప్పినప్పటి కంటే, ఇంత చేయాలని స్పష్టంగా, కాస్త కష్టంగానే నిర్దేశించినప్పుడు మనుషులు మెరుగ్గా పని చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్ 1968లో ప్రచురించిన వ్యాసంలో వాదించారు. తర్వాత గ్యారీ లేథమ్‌తో కలిసి ఆయన దశాబ్దాల పాటు ఈ విషయాన్నే పరిశోధించారు. అయితే ఆ పనికి కావలసిన నైపుణ్యం మన దగ్గర ఉండాలి, ఎంతవరకు వచ్చామో ఎప్పటికప్పుడు తెలుస్తుండాలి. నైపుణ్యమే ఇంకా రానప్పుడు ఫలితాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే కంగారు తప్ప మిగిలేదేమీ ఉండదు. అందుకే ‘పరీక్ష పాసవ్వాలి’ అన్న మాటను కొన్నాళ్లు పక్కన పెట్టి, ఏ అధ్యాయంలో మీకు మార్కులు పోతున్నాయో ఈ నెలలో తేల్చుకోండి. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని రాస్తే ఒక్క పూటలో ఆ సంగతి బయటపడుతుంది.

ఇక అసలు చిక్కు. వ్యక్తిగత లక్ష్యాలకూ వృత్తిపరమైన లక్ష్యాలకూ మధ్య సమతూకం గురించి చాలా ఉత్తరాలు వస్తుంటాయి. వాటిని చదివిన కొద్దీ నాకు అర్థమైందేమిటంటే, ఆ రెంటికీ సిద్ధాంతపరంగా తగాదా ఏమీ లేదు, రెండూ ఒకే గంటను అడుగుతున్నాయి, అంతే. మీ ఆరు కోరికల్లో పొదుపును మినహాయిస్తే మిగిలిన అయిదూ ఆఫీసు నుంచి ఇంటికి వచ్చాక నిద్రపోయేలోపు దొరికే కాస్త వ్యవధి మీదనే ఆశ పెట్టుకున్నాయి. కాబట్టి ముందు ఒక వారం పాటు ఏ లక్ష్యమూ పెట్టుకోకుండా, ఏ సమయంలో నిజంగా ఏం చేశారో రోజూ పడుకునే ముందు రాయండి. ఎలా గడపాలనుకున్నారో కాదు, ఎలా గడిచిందో రాయండి. అందులో నిలకడగా దొరికే గంట ఒకటే కనిపిస్తే, ఈ మూడు నెలలకు ఆ గంట పరీక్షదే. దానికి తోడు, ఆ గంటతో పని లేని వ్యక్తిగత లక్ష్యం ఒక్కటే పెట్టుకోండి. పాప నిద్రపోయే ముందు అరగంట ఫోన్ మరో గదిలో ఉంచి ఆమె పక్కన కూర్చోవడం అలాంటిదే. మిగతా నాలుగూ ‘తర్వాత’ అని రాసిన వేరే పేజీలోకి వెళ్లాలి. వాటిని వదులుకుంటున్నట్టు మనసుకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు, అయినా ఈ పని మీరు చేసి తీరాలి.

ఆ గంటను కూడా ఒక గుర్తుకు ముడిపెట్టండి: ‘పాప నిద్రపోయి నేను గది తలుపు దగ్గరగా వేయగానే, భోజనాల బల్ల దగ్గర కూర్చుని అయిదు లెక్కలు చేస్తాను.’ ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తానని ముందే నిర్ణయించుకునే ఈ పద్ధతిని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ అధ్యయనం చేశారు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 ప్రయోగాల ఫలితాలను సమీకరించి చూసినప్పుడు, లక్ష్యాన్ని చేరుకోవడంలో ఇది చెప్పుకోదగ్గ మేలు చేస్తుందని తేలింది. పుస్తకం, పెన్ను సాయంత్రమే ఆ బల్ల మీద పెట్టి ఉంచితే, అలసిన వేళ వాటిని వెతుక్కునే పని కూడా తప్పుతుంది.

రెండు నెలలకు అన్నీ మూలపడుతున్నాయన్నారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక చిన్న పని అలవాటుగా స్థిరపడటానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. అంటే దాదాపు అలవాటు కుదురుకునే వేళకే మీరు వదిలేస్తూ ఉండవచ్చు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం లేదని కూడా ఆ అధ్యయనంలోనే తేలింది. పాపకు జ్వరం వచ్చి రెండు రోజులు చదవలేదని నోటుపుస్తకం మూసేయకండి.

ప్రశ్న: 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో లక్ష్యాలు రాసిపెట్టుకున్న 3 శాతం విద్యార్థులు, మిగతా 97 శాతం మంది కంటే ఎక్కువ సంపాదించారని ఒక శిక్షణ తరగతిలో చెప్పారు. రాసుకుంటే చాలా?
- మరో పాఠకుడు

జవాబు: అలాంటి అధ్యయనం ఏదీ జరిగిన దాఖలా లేదని ఆ విశ్వవిద్యాలయమే స్పష్టం చేసింది. రాసుకోవడం మంచిదే, ఎందుకంటే రాసేటప్పుడు అస్పష్టత బయటపడుతుంది. కానీ రాసిన పేజీని మళ్లీ తెరవకపోతే ప్రయోజనం లేదు. ఎడమ పేజీలో అనుకున్నది రాసి కుడి పేజీని ఖాళీగా ఉంచండి. వారానికి ఒకసారి, జరిగినదాన్ని జరిగినట్టే అక్కడ రాయండి. మూడు వారాల పాటు కుడి పేజీ వెలితిగానే ఉంటే, ఎడమ పేజీలోని అంకెను తగ్గించండి.