మొహం జిడ్డుగా ఉందా, పొడిబారిందా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 23. మధ్యాహ్నానికల్లా ముక్కు, నుదురు జిడ్డోడుతుంటాయి. చలికాలం వస్తే మాత్రం బుగ్గలు బిగుసుకుపోయి పొట్టు లేస్తాయి. మొటిమలొస్తాయని భయమేసి మాయిశ్చరైజర్ మానేశా, జిడ్డు పోడానికి రోజుకి నాలుగైదుసార్లు ఫేస్‌వాష్ వాడుతున్నా. అసలు నాది ఆయిలీ స్కినా, డ్రై స్కినా?

జవాబు: రెండూనండి, కాంబినేషన్ స్కిన్ అనేది దీన్నే. కానీ మీ ఉత్తరంలో నేను ఆ నాలుగైదుసార్ల దగ్గరే ఆగిపోయా! జిడ్డు వేరు, తేమ వేరు. జిడ్డంటే గ్రంథుల్లోంచి వచ్చే నూనె, అది ఎంత రావాలో ఎక్కువగా హార్మోన్లే తేలుస్తాయి కాబట్టి మీరెంత కడిగినా అది ఆగదు. తేమంటే చర్మం పైపొరలో ఉండే నీళ్ళు. చలికాలం పొడిగాలి వాటిని లాగేస్తుంది, పైగా వేడివేడి నీళ్ళు, బాగా నురగొచ్చే ఫేస్‌వాషూ తోడైతే ఆ నీళ్ళని పట్టి ఉంచే కొవ్వు కూడా కొట్టుకుపోతుంది. నూనె గ్రంథులు నుదురు, ముక్కు, గడ్డం మీద ఎక్కువ, బుగ్గల మీద తక్కువ, అందుకే దెబ్బ ముందు బుగ్గలకి తగుల్తుంది.

పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి గోరువెచ్చటి నీళ్ళతో కడిగితే చాలు, మధ్యలో జిడ్డనిపిస్తే టిష్యూ అద్దండి, రుద్దకండి. మొహం పూర్తిగా ఆరకముందే, ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే మాయిశ్చరైజర్ రాయాలి, ఇదొక్కటి చేసినా తేడా తెలుస్తుంది. మొహమంతా ఒకటే రాయాలని రూలేం లేదు, నుదురు, ముక్కుకి నీళ్ళని పట్టి ఉంచే గ్లిజరినో హైలురోనిక్ యాసిడో ఉన్న పల్చటి జెల్, బుగ్గలకి సెరమైడ్స్ (చర్మంలో తేమని కాపాడే కొవ్వులు) ఉన్న క్రీము రాసుకోండి, డబ్బా మీద నాన్ కామెడోజెనిక్ (అంటే చర్మరంధ్రాల్ని మూసెయ్యదని) అని ఉందో లేదో చూసుకోండి. మొటిమలకి సాలిసిలిక్ యాసిడ్ రోజూ వాడుతుంటే వారానికి రెండుమూడుసార్లకి తగ్గించి బుగ్గల్ని వదిలేయండి. ఎండ లేదు కదా అని సన్‌స్క్రీన్ మానకండి, మబ్బుల్లోంచి కూడా యూవీ కిరణాలు వస్తాయి, ఎస్‌పీఎఫ్ 30 జెల్ రకం మీకు సరిపోతుంది.

ప్రశ్న: ముక్కు పక్కల, కనుబొమ్మల్లో ఎర్రగా అయ్యి పసుప్పచ్చటి పొట్టు రాలుతోంది. పొడిబారిందేమోనని నూనె రాస్తుంటే ఇంకా ఎక్కువైంది. ఎందుకంటారు?

జవాబు: అది పొడిబారడం కాకపోవచ్చండి. తల్లో చుండ్రు కూడా ఉందా? సెబోరిక్ డెర్మటైటిస్ అని చుండ్రుకి దగ్గరి చుట్టం ఒకటుంది, సరిగ్గా మీరు చెప్పిన చోట్లే వస్తుంది, చలికాలంలో పెరుగుతుంది. మలసేజియా అనే ఫంగస్‌కి ఇందులో పాత్ర ఉంది, దానికి తిండే మన చర్మం మీది నూనె, మీరు రాసింది కూడా దానికి మేతే అయ్యుండొచ్చు! ముందు నూనె ఆపేయండి, పొట్టు గిల్లకండి, స్కిన్ డాక్టర్‌కి ఒకసారి చూపించండి. సాధారణంగా కీటోకోనజోల్ లాంటి యాంటీఫంగల్ క్రీముతో తగ్గుతుంది, కాకపోతే మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ క్రీము మాత్రం సొంతంగా రాసుకోకండి, రెండ్రోజుల్లో తగ్గినట్టే ఉంటుంది గానీ అలాగే వాడితే చర్మం పల్చబడిపోతుంది.